వరంగల్‌లో ఉన్నా, అండమాన్‌లో ఉన్నా: గోప్యత ఉన్న క్రిప్టో నాణెం కొనడానికి సమగ్ర మార్గదర్శి

మా మేనల్లుడు అండమాన్‌లో ఓ హోటల్లో లెక్కలు చూస్తాడు. వాడుండే ఊరి పేరు 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురంగా మారినా మా ఇంట్లో ఇప్పటికీ పోర్టు బ్లెయిర్ అనే అంటాం. ఒక రాత్రి ఫోను చేశాడు. తోటి ఉద్యోగి మా వాడి ఫెర్రీ టికెట్టుకు డబ్బు పెడితే, మా వాడు ఆ బాకీని కొంచెం బిట్‌కాయిన్ పంపి తీర్చాడట. మర్నాడు భోజనాల దగ్గర ఆ ఉద్యోగి, ‘నీ దగ్గర ఇంత ఉందని ఎప్పుడూ చెప్పలేదే’ అంటూ పెద్ద మొత్తమే అప్పు అడిగాడట.

‘మామయ్యా, నా దగ్గర ఎంత ఉందో అతనికి ఎలా తెలిసింది? అలా తెలియని నాణెం ఏదైనా ఉందా? ఉంటే ఎలా కొనాలి?’ అన్నాడు.

హనుమకొండలో చిన్న వ్యాపారుల లెక్కలు, ఆదాయపు పన్ను రిటర్నులు రాసే పని నాది. క్రిప్టోను కూడా మొదట లెక్కల పుస్తకం లాగే చూసి నేర్చుకున్నాను. నాలుగు రాత్రులు ఫోనులో వాడికి చెప్పినదే ఇక్కడ వరుసగా రాస్తున్నాను. వరంగల్‌లో ఉండి కొనాలనుకునేవారికీ, ఇక్కడి నుంచి దీవులకు వెళ్లి స్థిరపడినవారికీ దారి ఒకటే. తేడా వచ్చే చోట్ల విడిగా చెబుతాను.

వరంగల్ ఏనుమాముల మార్కెట్లో రైతు మిర్చి అమ్మితే తక్‌పట్టీ, అంటే అమ్మకం లెక్క చీటీ, అతని చేతికి వస్తుంది. అడ్తిదారు దగ్గర లెక్క ఉంటుంది, మార్కెట్ కమిటీ దగ్గర లెక్క ఉంటుంది. పక్క ఊరివాడికి అది కనిపించదు. బిట్‌కాయిన్‌లో మాత్రం ప్రతి తక్‌పట్టీని మార్కెట్ గేటుకు శాశ్వతంగా అతికించినట్టే. పేరుకు బదులు ఒక పొడవాటి చిరునామా ఉంటుంది, అంతే. ఆ చిరునామా మీదని ఒక్కరికి తెలిసినా చాలు, దానిలోకి వచ్చినదీ పోయినదీ మొత్తం చదివేయవచ్చు. మా మేనల్లుడికి జరిగింది ఇదే. ఒకే చిరునామాలో అంతా ఉంచి, అందులోంచే బాకీ తీర్చాడు.

ఇక్కడే ఒక మాట ఖచ్చితంగా చెప్పాలి. గోప్యత ఉన్న నాణెమైనా కొనేటప్పుడు మీ పేరుతోనే, మీ పాన్‌తోనే, మీ బ్యాంకు ఖాతాతోనే కొంటారు. గోప్యత మొదలయ్యేది నాణెం మీ సొంత వాలెట్‌లోకి, అంటే తాళంచెవి మీ చేతిలోనే ఉండే యాప్‌లోకి, చేరాకే. తోటి ఉద్యోగి, దుకాణదారు, దొంగ మీ డబ్బును తొంగిచూడకుండా అది కాపాడుతుంది. ఆదాయపు పన్ను శాఖకు చెప్పవలసింది మాత్రం మీరే స్వయంగా చెప్పాలి. పన్ను ఎగ్గొట్టే దారి కోసం వచ్చినవారికి ఇందులో పనికొచ్చేది ఏమీ లేదు.

ఏ నాణెం?

గోప్యత పేరుతో చాలా నాణేలు తిరుగుతున్నాయి. నా మటుకు నేను రెండింటినే నమ్ముతాను: మొనేరో, జీక్యాష్.

మొనేరో 2014 ఏప్రిల్ 18న మొదలైంది. ఇందులో గోప్యత ఎవరూ ప్రత్యేకంగా ఎంచుకోవలసింది కాదు, ప్రతి లావాదేవీకీ అదే నియమం. మీరు డబ్బు పంపినప్పుడు మీ నాణెంతో పాటు బ్లాక్‌చైన్ అనే ఉమ్మడి లెక్కల గొలుసులోని మరో 15 పాత నాణేలు కూడా కలిసి ఒక వలయంగా సంతకం పెట్టినట్టు కనిపిస్తుంది. ఆ 16లో అసలైనది ఏదో బయటివారికి తేలదు. 2022 ఆగస్టుకు ముందు ఈ వలయం 11 మాత్రమే ఉండేది. పుచ్చుకునేవారికి ప్రతిసారీ ఒక కొత్త గుప్త చిరునామా పుడుతుంది. పంపిన మొత్తం 2017 నుంచి కనిపించకుండా ఉంటోంది. మొత్తం సంఖ్యకు పరిమితి లేదు. 2022 జూన్ నుంచి సుమారు రెండు నిమిషాలకొకసారి వచ్చే ప్రతి బ్లాకుకూ (గొలుసులో చేరే కొత్త లావాదేవీల పేజీకి) 0.6 మొనేరో కొత్తగా పుడుతూనే ఉంటుంది.

జీక్యాష్ 2016 అక్టోబరు 28న వచ్చింది. బిట్‌కాయిన్ లాగే దీనికీ 2 కోట్ల 10 లక్షల నాణేల పరిమితి ఉంది. దీని చిరునామాలు రెండు రకాలు. ‘టి’ అక్షరంతో మొదలయ్యేవి పారదర్శకం, బిట్‌కాయిన్ అంత బహిరంగం. రెండో రకం షీల్డెడ్ చిరునామాలు. వీటిలో పంపినవారు, పుచ్చుకున్నవారు, మొత్తం మూడూ గుప్తంగా ఉంటాయి. లెక్క సరిపోయిందన్న రుజువును మాత్రమే గొలుసు మీద రాస్తారు, లెక్కను చూపించరు. జీక్యాష్ కొన్నామని నిశ్చింతగా ఉండి, దానిని ‘టి’ చిరునామాలోనే వదిలేసేవాళ్లు చాలామంది. వాళ్లకు దక్కిన గోప్యత ఏమీ లేదు.

నిర్మాణం చూస్తే నాకు మొనేరో నచ్చుతుంది. పొరపాటున కూడా బహిరంగంగా పంపే వీలు అందులో లేదు. దొరకడం మాత్రం కష్టం. బైనాన్స్ అనే ఎక్స్ఛేంజీ (క్రిప్టో కొని అమ్మే వేదిక) 2024 ఫిబ్రవరిలో దానిని జాబితా నుంచి తీసేసింది. యూరోపియన్ యూనియన్‌లో నమోదైన క్రిప్టో సంస్థలు ఇలాంటి నాణేలతో వ్యవహరించకూడదనే నియమం 2027 జూలై నుంచి అమలులోకి వస్తోంది. జగిత్యాల, నిజామాబాదు, కరీంనగర్ వైపు నుంచి దుబాయికి వెళ్లినవారు గమనించాలి: అక్కడి వర్చువల్ ఆస్తుల నియంత్రణ సంస్థ 2023 నియమాలలోనే గోప్యత నాణేల వ్యాపారాన్ని నిషేధించింది. ఊళ్లో ఉన్న తమ్ముడు కొన్నాడు కదా అని అక్కడ ప్రయత్నించవద్దు.

చట్టం ఏమంటుంది?

భారతదేశంలో క్రిప్టో చెల్లుబాటయ్యే కరెన్సీ కాదు. అయితే కొనడం, ఉంచుకోవడం నేరం కాదు. క్రిప్టో వ్యాపారులకు బ్యాంకులు సేవలు అందించకూడదని రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్‌లో ఇచ్చిన సర్క్యులర్‌ను సుప్రీంకోర్టు 2020 మార్చి 4న కొట్టేసింది. లాభంపై పన్ను 2022 ఏప్రిల్ 1 నుంచి, లావాదేవీపై టీడీఎస్ అదే ఏడాది జూలై 1 నుంచి అమలులోకి వచ్చాయి. 2023 మార్చి 7న కేంద్రం క్రిప్టో వేదికలను మనీలాండరింగ్ నిరోధక చట్టం పరిధిలోకి తెచ్చింది. అప్పటి నుంచి మనతో వ్యాపారం చేసే ప్రతి ఎక్స్ఛేంజీ, అనుమానాస్పద లావాదేవీలను గమనించే కేంద్ర సంస్థ ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ దగ్గర నమోదు కావాలి. నమోదు కాని తొమ్మిది విదేశీ వేదికలకు ఆ సంస్థ 2023 డిసెంబరులో నోటీసులు ఇచ్చింది.

దీవి అనగానే కొందరికి కేమన్ దీవుల వంటి చోట్లు గుర్తొస్తాయి. అది బ్రిటన్ ఏలుబడిలోని ప్రాంతం, అక్కడ ఆదాయపు పన్నే లేదు. అలాంటి దీవుల వారికి రాసిన సూచనలు మనకు అసలు వర్తించవు. అండమాన్ నికోబార్ మన కేంద్రపాలిత ప్రాంతం. హనుమకొండ చౌరస్తాలో ఏ చట్టం ఉందో లిటిల్ అండమాన్ దీవిలోని హట్‌బేలోనూ అదే చట్టం.

మొదటి మెట్టు: కాగితాలు, ఫోను

పాన్, ఆధార్, మీ ఒక్కరి పేరు మీదే ఉన్న బ్యాంకు ఖాతా కావాలి. మూడింటిలోనూ పేరు ఒకేలా ఉందో లేదో ముందే చూసుకోండి. మన దగ్గర ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, ఇంకోచోట ఒక్క అక్షరంగా ఉండడం మామూలే. నా దగ్గరికి వచ్చే పన్ను కేసుల్లో సగం గొడవ అక్కడే మొదలవుతుంది. ఆధార్‌లో వరంగల్ చిరునామా ఉండి, మీరు ఉండేది పోర్టు బ్లెయిర్ అద్దె గదిలో అయితే, ప్రస్తుత చిరునామా అడిగిన చోట ఉన్నది ఉన్నట్టు రాయండి. చిరునామాలు రెండు ఉండడం తప్పు కాదు, ఒకటి దాచడం మాత్రం తర్వాత అనుమానానికి దారి తీస్తుంది.

ఆధార్‌కు ముడిపడిన ఫోను నంబరు మీరున్న చోట పనిచేయాలి. వరంగల్‌లో బాగా పనిచేసిన నెట్‌వర్క్ దీవిలో అందకపోతే ఓటీపీ గడువు దాటాక వస్తుంది. అందుకే నమోదు పని ఊరికి వచ్చినప్పుడే ముగించమని మా వాడికి చెప్పాను. ఆ తర్వాత లాగిన్‌కు ఎస్ఎంఎస్ ఓటీపీ బదులు ఫోనులోనే సంఖ్య పుట్టించే అథెంటికేటర్ యాప్ పెట్టుకున్నాడు. దానికి సిగ్నల్ అక్కర్లేదు, సిమ్ కాజేసేవాడికి చిక్కదు. ఆ యాప్ ఇచ్చే బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద రాసిపెట్టుకోండి.

రెండో మెట్టు: కొనకముందే వాలెట్

చాలామంది ముందు కొని, తర్వాత వాలెట్ సంగతి చూద్దాం అనుకుంటారు. ఆ తర్వాత అనేది రాదు, నాణెం ఎక్స్ఛేంజీలోనే ఉండిపోతుంది. అక్కడ ఉన్నది మీ నాణెం కాదు, సంస్థ మీకు ఉన్న బాకీ. 2024 జూలైలో వజీర్‌ఎక్స్ అనే ఎక్స్ఛేంజీ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టో దొంగలపాలైంది. ఖాతాదారులు తమ సొత్తు కోసం ఏడాదికి పైగా ఎదురుచూశారు. అందువల్ల వాలెట్ ముందు, కొనుగోలు తర్వాత.

మొనేరోకు కంప్యూటర్‌లో అయితే అధికారిక మొనేరో వాలెట్ లేదా ఫెదర్, ఫోనులో అయితే కేక్ వాలెట్ బాగుంటాయి. జీక్యాష్‌కు షీల్డెడ్ చిరునామా ఇచ్చే వాలెట్‌నే ఎంచుకోండి. పది నాణేలను ఒకేచోట చూపించే యాప్‌లు ఎక్కువగా ‘టి’ చిరునామాతోనే సరిపెడతాయి.

దింపుకునేది అసలైన వెబ్‌సైటు నుంచే కావాలి. ప్రకటనల్లో పైన కనిపించిన లింకును నొక్కవద్దు. కంప్యూటర్ వాలెట్ అయితే దింపిన ఫైలు హ్యాష్ కూడా సరిచూడాలి. ఫైలుకు వేలిముద్ర లాంటి 64 అక్షరాల వరుస అది. విండోస్‌లో ‘సర్ట్‌యుటిల్’ అనే ఆదేశంతో, వేరే ప్రోగ్రాము ఏదీ లేకుండానే చూసుకోవచ్చు. వచ్చిన వరుస, సైటులో ప్రకటించిన వరుస అక్షరం పొల్లు పోకుండా ఒకటే కావాలి. ఇది చాదస్తం కాదు. 2019 నవంబరులో మొనేరో అధికారిక సైటులోనే కొద్దిసేపు దొంగ ఫైళ్లు కూర్చున్నాయి. హ్యాష్ కలవడం లేదని ఒక వినియోగదారు గమనించి చెప్పడంతో అది బయటపడింది. సరిచూడకుండా వాడినవారిలో నాణేలు పోగొట్టుకున్నవారూ ఉన్నారు.

వాలెట్ తెరవగానే సీడ్ పదాలు ఇస్తుంది. మొనేరోలో సాధారణంగా 25, కొన్ని కొత్త వాలెట్లలో 16, జీక్యాష్‌లో 24. ఈ పదాలే మీ డబ్బు. ఫోను పోయినా ఇవి ఉంటే డబ్బు ఉన్నట్టే, ఇవి పోతే ఫోను చేతిలో ఉన్నా రేపటికి భరోసా లేదు. తలుపు వేసుకుని, టీవీ కట్టేసి, ఒక నోటుబుక్కులో బాల్‌పెన్నుతో రాయండి. ఒక్కో వరుసకు ఒక్క పదం, ముందు అంకె. పదాలు ఇంగ్లిష్‌లో ఉంటాయి. మొనేరో ఇచ్చే భాషల్లో తెలుగు లేదు. కలిపిరాతలో ‘ఎన్’, ‘యు’ ఒకేలా పడే చేతిరాతలు మనవి, అందుకని పెద్ద అక్షరాలలో విడివిడిగా రాయాలి. మొనేరో పదాలలో మొదటి మూడు అక్షరాలు స్పష్టంగా ఉంటే చాలు, మిగతాది వాలెట్ గుర్తుపడుతుంది.

ఒక సంగతి చాలామందిని తికమక పెడుతుంది. మొనేరో 25వ పదం కొత్తది కాదు. ముందు 24లో వచ్చిన ఒక పదమే మళ్లీ వస్తుంది. మిగతావి సరిగ్గా రాశారో లేదో పట్టుకునే తనిఖీ పదం అది. నేను మొదటిసారి రాసుకున్నప్పుడు రెండుసార్లు పడిందనుకుని చివరిదాన్ని కొట్టేశాను. అదృష్టం కొద్దీ వాలెట్ ఇంకా తెరిచే ఉంది కాబట్టి మళ్లీ చూసి రాసుకోగలిగాను. దాంతో పాటు వాలెట్ చేసిన తేదీ, బ్లాకు సంఖ్య కూడా ఆ పేజీలోనే వేయండి. తిరిగి తెరిచేటప్పుడు గంటల సమయం కలిసివస్తుంది.

ఫొటో తీయవద్దు. వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోవద్దు. రెండు ప్రతులు రాసి రెండు ఇళ్లలో ఉంచండి. మా వాడిది ఒకటి వాడి దగ్గర ఉంది, రెండోది సీలు వేసిన కవరులో మా అక్క బీరువాలో, బంగారం రసీదుల పక్కన ఉంది. క్రిప్టో అంటే ఏమిటో మా అక్కకు తెలియక్కర్లేదు, ఆ కవరును ఎవరికీ ఇవ్వకూడదని తెలిస్తే చాలు.

దీవిలో ఇంటర్నెట్ సంగతి

మొనేరోను పూర్తి గోప్యతతో వాడాలంటే గొలుసు మొత్తాన్ని సొంత కంప్యూటర్‌లో ఉంచుకోవాలి. అది 200 జీబీ దాటింది. పాత వివరాలు కొన్ని తీసేసి ఉంచే పద్ధతిలో (ప్రూనింగ్) సుమారు మూడో వంతుతో సరిపెట్టవచ్చు. హనుమకొండలో ఫైబర్ కనెక్షన్ ఉన్న ఇంట్లో ఇది మూడు నాలుగు రోజుల పని. చెన్నై నుంచి పోర్టు బ్లెయిర్‌కు, అక్కడి నుంచి స్వరాజ్ ద్వీప్, కార్ నికోబార్, గ్రేట్ నికోబార్ వంటి దీవులకు సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమయ్యాక అక్కడ కూడా నెట్ బాగానే మెరుగుపడింది. అయినా మొబైల్ డేటా మీదే బతికేవారు అంత దింపుకోలేరు. వారు ఇతరులు నడిపే నోడ్‌కు, అంటే గొలుసు మొత్తం ఉన్న కంప్యూటర్‌కు, కలుపుకోవచ్చు. ఆ నోడ్ నడిపేవారికి మీ ఐపీ చిరునామా కనిపిస్తుంది, మీ దగ్గర ఉన్న మొత్తం మాత్రం కనిపించదు. ఫెదర్ వాలెట్‌లో అంతా టోర్ (ఐపీని దాచే నెట్‌వర్క్) మీదుగానే వెళ్లేలా అమర్చుకుంటే ఆ ఐపీ కూడా బయటపడదు.

మూడో మెట్టు: ఎక్కడ కొనాలి?

ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ దగ్గర నమోదైన ఎక్స్ఛేంజీనే చూడండి. ఖాతా తెరవకముందే మూడు విషయాలు తేల్చుకోవాలి. మొనేరో గాని జీక్యాష్ గాని వారి జాబితాలో ఉందా? ఉంటే రూపాయలతో నేరుగా కొనవచ్చా? కొన్నదాన్ని సొంత వాలెట్‌కు పంపనిస్తారా? ఈ మూడోదాన్ని ఎవరూ అడగరు. కొన్ని యాప్‌లలో కొనవచ్చు, అమ్మవచ్చు, బయటికి తీయడానికి మాత్రం వీలుండదు. అలాంటి చోట గోప్యత నాణెం కొనడం అంటే తాళంచెవి లేని ఇల్లు కొనడమే. జవాబు యాప్‌లో దొరకకపోతే వారి సహాయ విభాగానికి రాసి, సమాధానం వచ్చాకే డబ్బు వేయండి.

రూపాయల జోడీ లేకుండా, డాలరు విలువకు ముడిపడిన యూఎస్‌డీటీ అనే నాణెంతోనే కొనాల్సి వస్తే లెక్క మారుతుంది. ముందు యూఎస్‌డీటీ కొని, దాన్ని ఇచ్చి జీక్యాష్ తీసుకోవడం చట్టం దృష్టిలో రెండు లావాదేవీలు. ఒక క్రిప్టో ఇచ్చి ఇంకో క్రిప్టో తీసుకున్నా అమ్మినట్టే. అక్కడ టీడీఎస్ కోత ఉంటుంది, యూఎస్‌డీటీ ధర పెరిగి ఉంటే ఆ లాభంపై పన్నూ ఉంటుంది.

మొనేరో ఎక్కడా దొరకలేదు, మరి పాన్ అడగని మార్పిడి సైట్లలో తీసుకోవచ్చా అని మా వాడు అడిగాడు. వద్దన్నాను. మార్పిడిలో అవతలివారికి కూడా టీడీఎస్ పట్టి కట్టవలసిన బాధ్యత మనమీద పడుతుంది. ఎవరో తెలియనివారి పేరున పన్ను ఎలా కడతాం? రేపు ఆ నాణెం ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే చూపించడానికి కాగితం ఉండదు. నమోదైన చోట మొనేరో లేకపోతే జీక్యాష్ కొనండి. రెండూ లేకపోతే ఆగండి. మా వాడికి జీక్యాష్ దొరికింది, అదే కొన్నాడు.

టెలిగ్రామ్‌లో, తెలిసినవారి తెలిసినవారి దగ్గర చేతికి చేయి కొనే అలవాటు మన వైపు పెరిగింది. దాని గురించి గట్టిగానే చెప్పాలి. వరంగల్ కాశిబుగ్గలో ఉండే మా బంధువు ఒకరు ఇలాగే తన దగ్గరున్న యూఎస్‌డీటీని ఎవరికో అమ్మాడు. ఖాతాలో డబ్బు పడింది, సంతోషించాడు. మూడు వారాల తర్వాత కూతురి కాలేజీ ఫీజు కట్టబోతే ఖాతా స్తంభించి ఉంది. ఇంకో రాష్ట్రంలో ఎవరినో మోసం చేసి తెచ్చిన డబ్బు నాలుగు చేతులు మారి ఈయన ఖాతాలో పడిందట. పోలీసుల నుంచి విడుదల లేఖ రావడానికి ఐదు నెలలు పట్టింది, ఫీజుకు చీటీ పాడుకోవలసి వచ్చింది. తప్పు చేయని మనిషి అంత నలిగిపోవడం చూశాను కాబట్టి ఈ దారి ఎవరికీ చెప్పను.

నిర్మల్, కరీంనగర్, జగిత్యాల వైపు ఏదో ఒక కాయిన్ పేరు చెప్పి, ఇంకో ఇద్దరిని చేర్పిస్తే రెట్టింపు అంటూ నడిచిన గొలుసు పథకాలు వేరే సంగతి. మొనేరోకు, జీక్యాష్‌కు ఏజెంట్లు ఉండరు, హోటల్లో సమావేశాలు ఉండవు. అలా ఎవరైనా పిలిస్తే వెళ్లవద్దు. డబ్బు ఇప్పటికే పోయి ఉంటే వెంటనే 1930కి ఫోను చేయండి. మొదటి గంటల్లో చెబితే ఆ డబ్బును దారిలోనే ఆపగలిగే అవకాశం ఉంటుంది.

నాలుగో మెట్టు: కొనడం, తెచ్చుకోవడం

మొదటిసారి చిన్న మొత్తమే. మా వాడు రెండు వేల రూపాయలతో మొదలుపెట్టాడు. ఈ నాణేలకు రూపాయల్లో కొనేవారు, అమ్మేవారు తక్కువ. ‘మార్కెట్ ఆర్డర్’ పెడితే ఉన్నంతలో ఎక్కువ ధరకే అంటగడుతుంది. ‘లిమిట్ ఆర్డర్’ పెట్టి, మీరు ఇవ్వదలచిన ధర రాసి వేచి ఉండండి. రుసుము, దాని మీద 18 శాతం జీఎస్టీ, బయటికి తీయడానికి కనీస మొత్తం ఎంతో ముందే చూడాలి. కొన్న మొత్తం ఆ కనీసానికి తగ్గితే అది అక్కడే ఇరుక్కుపోతుంది.

తీసేటప్పుడు చిరునామాను కాపీ చేసి అతికించండి. తర్వాత మొదటి ఆరు, చివరి ఆరు అక్షరాలు కళ్లతో సరిచూడండి. కాపీ చేసిన చిరునామాను చాటుగా మార్చేసే వైరస్‌లు ఉన్నాయి. ముందు కనీస మొత్తం పంపి, అది చేరాకే మిగతాది. తప్పు చిరునామాకు వెళ్లినదాన్ని వెనక్కి రప్పించే దారి లేదు.

మొనేరో చేరాక 10 బ్లాకులు, అంటే సుమారు 20 నిమిషాలు, దాన్ని ఖర్చు పెట్టనివ్వదు. ‘లాక్డ్’ అని కనిపిస్తే కంగారు పడవద్దు. 2025 సెప్టెంబరులో ఒకసారి మొనేరో గొలుసులో 18 బ్లాకులు రద్దయి మళ్లీ రాయబడ్డాయి కాబట్టి, పెద్ద మొత్తమైతే నేను రెండు గంటలు ఆగాకే అందినట్టు లెక్కవేస్తాను.

జీక్యాష్‌లో ఇంకో పని మిగిలి ఉంటుంది. ఎక్స్ఛేంజీలు ఎక్కువగా ‘టి’ చిరునామాకే పంపుతాయి. చేరాక వాలెట్‌లో ‘షీల్డ్’ అన్న మీట నొక్కి దాన్ని షీల్డెడ్ భాగంలోకి మార్చుకోవాలి. రుసుము చాలా స్వల్పం. మార్చుకున్న వెంటనే అదే మొత్తాన్ని తిరిగి ‘టి’ చిరునామాకు పంపితే అంకె చూసి పోల్చేస్తారు. లోపలే ఉంచి, ఎవరికైనా ఇవ్వాల్సి వస్తే వారి షీల్డెడ్ చిరునామాకే పంపండి. మొనేరోలో ఒక్కొక్కరికి ఒక్కో ఉపచిరునామా ఇవ్వవచ్చు. అది 8 అంకెతో మొదలవుతుంది, అసలు చిరునామా 4తో. ఇంత చేశాక వాలెట్ స్క్రీన్‌షాట్ తీసి స్నేహితుల గ్రూపులో పెట్టే అలవాటు ఉంటే మాత్రం ఏ నాణెమూ కాపాడలేదు.

ఐదో మెట్టు: లెక్కల పుస్తకం

బిట్‌కాయిన్‌లో మీరు మరిచిపోయినా గొలుసు మరిచిపోదు. ఇక్కడ అలా కుదరదు. మీ తరఫున గుర్తుపెట్టుకునేది మీ పుస్తకం ఒక్కటే. కొన్న తేదీ, ఎన్ని నాణేలు, ఎన్ని రూపాయలు, వాలెట్‌కు పంపిన లావాదేవీ సంఖ్య, ఎక్స్ఛేంజీ రసీదు, అన్నీ ఆ రోజే రాయండి. మీ సొంత వాలెట్‌కు పంపుకోవడం అమ్మకం కాదు, దానికి పన్ను పడదు. ఇంకొకరికి ఇస్తే మాత్రం పడుతుంది. ఫెర్రీ బాకీ తీర్చినప్పుడు మా వాడు ఆ మేరకు బిట్‌కాయిన్ అమ్మినట్టే లెక్క, ఆ సంగతి వాడికి అప్పటిదాకా తెలియదు.

ఉదాహరణకు 20,000 రూపాయలకు కొన్నది 26,000కు అమ్మారు. లాభం 6,000. దానిపై 30 శాతం అంటే 1,800, దాని మీద 4 శాతం సెస్సు 72, మొత్తం 1,872 రూపాయలు. అమ్మేటప్పుడు ఎక్స్ఛేంజీ 26,000పై ఒక శాతం, అంటే 260 రూపాయలు టీడీఎస్ పట్టుకుంటుంది. అది పన్నులో సర్దుబాటవుతుంది. ఇంకో నాణెంలో అదే ఏడాది 6,000 నష్టం వచ్చినా ఈ లాభంలోంచి తీసేయడానికి వీల్లేదు, తర్వాతి ఏడాదికి మోసుకుపోవడానికీ వీల్లేదు. కొన్న ఖరీదు తప్ప వేరే ఖర్చు ఏదీ తగ్గించుకోలేరు. జీతం పన్ను పరిమితి లోపలే ఉంది కదా అనుకున్నా ఈ 30 శాతం తప్పదు.

రిటర్నులో ఇందుకోసం వీడీఏ (వర్చువల్ డిజిటల్ ఆస్తులు) అనే ప్రత్యేక పట్టిక ఉంది. జీతగాళ్లు అలవాటుగా వేసే ఒకటో నంబరు ఫారంలో అది ఉండదు, రెండో నంబరు తీసుకోవాలి. వ్యాపార ఆదాయం కూడా ఉన్నవారికి మూడో నంబరు. వేసేముందు 26ఏఎస్ (మీ పాన్ మీద జమ అయిన పన్నుల పత్రం) తెరిచి, పట్టుకున్న టీడీఎస్ అంతా మీ పాన్ మీద పడిందో లేదో చూసుకోండి.

అధికారి ఎప్పుడైనా రుజువు అడిగితే చూపించే దారి ఈ నాణేలలోనే ఉంది. మొనేరోలో, జీక్యాష్‌లో ‘వ్యూ కీ’ అనే తాళంచెవి ఉంటుంది. దాన్ని ఇస్తే ఖాతా చూడగలరు, డబ్బు తీయలేరు. మొనేరోలో అది లోపలికి వచ్చినవాటినే చూపిస్తుంది. పంపినవాటికి లావాదేవీ కీతో విడిగా రుజువు ఇవ్వవచ్చు. నేను గోప్యత అని పిలిచేది దీన్నే: తలుపు మనది, ఎవరికి తీయాలో మన ఇష్టం, తీయవలసిన వారికి తీస్తాం.

ఆఖరి మెట్టు: మొత్తం పెంచేముందు

రెండు వేలు చేరాయి కదా అని మర్నాడే యాభై వేలు వేయవద్దు. ముందు వాలెట్‌ను తుడిచేసి, కాగితం మీది పదాలతోనే తిరిగి తెరిచి చూడాలి. దసరాకు మా వాడు ఇంటికి వచ్చినప్పుడు ఇది చేశాం. సద్దుల బతుకమ్మ రోజు మధ్యాహ్నం, ఆడవాళ్లంతా తంగేడు పూలు పేరుస్తుంటే, మేము వెనుక గదిలో నా పాత ఫోనులో ఖాళీ వాలెట్ పెట్టాం. బీరువాలోని కవరు మా అక్కే తెచ్చి ఇచ్చింది. వాడు ఒక్కో పదం చదువుతుంటే నేను కొట్టాను. తొమ్మిదో పదాన్ని వాలెట్ ఒప్పుకోలేదు. కాగితాన్ని కిటికీ దగ్గర వెలుగులో పెట్టి చూస్తే, వాడు ‘వి’ రాసినది ‘యు’ లాగా ఉంది. సరిదిద్ది, తేదీ ఇచ్చి, వెతకనిచ్చాం. బ్లాకులు లెక్కపెట్టుకుంటూ అది పావుగంట పైనే తీసుకుంది. ఆ తర్వాత వాడు పోర్టు బ్లెయిర్‌లో కొన్న జీక్యాష్ మొత్తం ఆ పాత ఫోను తెర మీద కనిపించింది. వాడు పెన్ను తీసుకుని తొమ్మిదో పదాన్ని రెండు కాగితాల మీదా మళ్లీ పెద్ద అక్షరాలలో రాశాడు. కవరుకు కొత్త సీలు వేసి అక్కకు ఇచ్చాం, నా ఫోనులోంచి వాలెట్‌ను తీసేశాం.